కంటి ముందటి నలుసులు

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినపుడు, నేను ప్రబంధములను గూర్చియో శతకములను గూర్చియో మాటలాడుదునని తలచియుందురు. కళాశాలలో నేను చదివినది చరిత్ర, సాహిత్యము. సచివాలయమున అలవడిన విద్య, ఒకరు వ్రాసిన నోటుక్రింద మరియొక నోటు వ్రాయుట. వైద్యశాస్త్రముతో నాకు ఏ సంబంధమును లేదు. అట్టివాడు కంటిని గూర్చి మాటలాడుట సాహసమే. కాని అందులకు కారణము కలదు. గడచిన రెండేండ్లలో ఈ విషయమున నేను రెండు తప్పులు చేసితిని. మొదటిదాని వలన నాకు నష్టము కలుగలేదు. రెండవదాని వలన మా పినతండ్రిగారికి ఒక కంటిచూపు చాలవరకు పోయినది. ఆ రెంటిని మీముందుంచి, వానివలన నేర్చుకొన్నదానిని చెప్పుటయే నా ఉద్దేశము.

మొదట నా సంగతి. రెండేండ్ల క్రిందట జనవరి నెలలో ఒక ఉదయము కార్యాలయమున కూర్చుండి ఒక ముసాయిదాను దిద్దుచుంటిని. ఇప్పుడు మన ఫైళ్లు కాగితములమీద గాక కంప్యూటరు తెరమీద నడచుచున్నవి గదా. తెల్లని తెరపై ఒకచోట అనవసరమైన కామా కనబడినది. దానిని తుడిచివేయుటకు ప్రయత్నించితిని. అది తొలగలేదు. మరియొక పంక్తిని చూడగా కామా ఆ పంక్తికి వచ్చినది. కళ్లద్దములను తీసి తుడిచితిని, ప్రయోజనము లేకపోయెను. మధ్యాహ్నము వెలుపలికి వచ్చి, మంచుతో తెల్లబారిన ఢిల్లీ ఆకాశమువైపు చూచితిని. ఒక కామా గాదు, మూడు చుక్కలును, వెండ్రుకవంటి ఒక పోగును కనబడినవి. కన్ను కదలినపుడు అవియు కదలును. కన్ను నిలిచినపుడు మెల్లగా జారుచు పోవును.

నాకు చిన్నతనము నుండి హ్రస్వదృష్టి. కళ్లద్దముల శక్తి మైనస్ ఆరు. అందుచేత భయము మెండు. ఆ భయమును ఎవరితోను చెప్పలేదు. ప్రతి ఉదయమును లేచినతోడనే గోడవైపు చూచి చుక్కలను లెక్కించుట, రాత్రి అందరు నిద్రించిన పిమ్మట టెలిఫోనులో ఆ విషయములను చదువుట, చదివినకొలది మరింత భయపడుట, ఇదియే నా దినచర్య. ఇట్లు ఒక నెల గడచెను. తుదకు నా భార్య, "ఏమండీ, రోజూ పొద్దున్నే ఆ గోడకేసి అట్లా చూస్తారేం?" అని అడిగి, సంగతి తెలిసికొని, మరునాడే నన్ను కంటి వైద్యునియొద్దకు తీసికొనిపోయినది.

ఆ వైద్యుడు కంటిలో మందుచుక్కలు వేసి, పాపలు విచ్చుకొనిన పిమ్మట చాలసేపు పరీక్షించి, "భయము లేదు. వయసు వలనను, మీ హ్రస్వదృష్టి వలనను వచ్చిన మచ్చలు. నేత్రపటలము చిరుగలేదు" అనెను. అంతటితో ఆగక, "ఇవి అకస్మాత్తుగా పెరిగినను, కంటిలో మెరుపులు కనబడినను, చూపునకు తెర అడ్డువచ్చినను, ఆ దినముననే రావలెను" అనికూడ చెప్పెను. నేను ఆయన మాటలలో మొదటి సగమును మాత్రమే ఇంటికి తెచ్చుకొంటిని.

నెలదినములు భయపడి ఊరకుండుట నా మొదటి తప్పు. ఆనాడు నా నేత్రపటలము నిజముగా చిరిగియుండినచో, ఆ నెలయే నా కంటిని పోగొట్టియుండును. భయపడినవాడును, లెక్కచేయనివాడును భిన్నులని మనము తలంతుము. కాని తుదకు ఇద్దరు చేయునది ఒక్కటియే: వైద్యుని యొద్దకు పోకుండుట.

రెండవ తప్పును చెప్పుటకు ముందు కంటిలో జరుగునది ఏమో కొంచెము తెలిసికొందము. ఇది నేను వైద్యులను అడిగియు, చదివియు గ్రహించినది.

కంటిగ్రుడ్డులో, కటకమునకు వెనుకభాగమంతయు పారదర్శకమైన ఒక జిగురుపదార్థముతో నిండియుండును. మన పాఠ్యపుస్తకములు దీనిని కాచాభ ద్రవమనును. వైద్యులు విట్రియస్ అందురు. కంటిగ్రుడ్డు పరిమాణములో అయిదింట నాలుగుపాళ్లు ఇదియే. కొలిచినచో సుమారు 4 మిల్లీలీటర్లు. అందులో నూటికి 98 పాళ్లకు తక్కువగాకుండ నీరే. మిగిలిన కొంచెములో కొలాజెన్ అను సన్నని పోగులును, హైలురానిక్ ఆమ్లమును ముఖ్యమైనవి. చిన్నతనమున ఇది లేత తాటిముంజవలె గట్టిగా, నిర్మలముగా నుండును. ఏండ్లు గడచినకొలది, తోడుకొన్న పెరుగులో నీరు తేరినట్లు, ఇందును నీరు వేరుపడును. పోగులు ఒకదానితోనొకటి చేరి ముద్దకట్టును.

ఈ ద్రవమునకు వెనుక, కంటి లోపలిగోడకు అంటుకొని, వెలుతురును గ్రహించు పలుచని పొర కలదు. అదియే నేత్రపటలము, వైద్యులు రెటీనా అందురు. చెరువులో తేలు ఆకుల నీడ అడుగుననున్న ఇసుకపై పడినట్లు, ముద్దకట్టిన పోగుల నీడ ఈ పొరపై పడును. మనకు చుక్కలుగను, దారములుగను, సాలెగూటి పోగులుగను కనబడునవి ఆ నీడలే. తెల్లని ఆకాశమును, సున్నపు గోడను, కాగితమును చూచునపుడు అవి స్పష్టముగా తెలియును. పూర్వము లాటిన్ భాషవారు వీనిని ఎగురు ఈగలనిరి. మనవారు కంటిముందు దోమలు ముసరినట్లున్నదందురు, నలుసులందురు. నిజమైన నలుసు నీళ్లతో కడిగిన పోవును. ఈ నలుసు కంటి లోపలిది. కడిగినను, నలిపినను పోదు.

ఇంతవరకు ఇది తల నెరయుటవంటిదే. పిమ్మట మరియొకటి జరుగును. సాధారణముగా 50 ఏండ్లు దాటిన పిమ్మట ఈ జిగురుపదార్థము కుదించుకొని నేత్రపటలము నుండి విడివడును. హ్రస్వదృష్టి గలవారికిని, శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారికిని ఇది ముందుగనే జరుగవచ్చును. పెక్కుమందికి ఇది శాంతముగా జరిగిపోవును. కొన్ని క్రొత్త మచ్చలు కనబడి, కొన్ని వారములకో నెలలకో మరుగునపడును. కాని తడిసిన గోడమీది కాగితమును లాగినపుడు ఒక్కొక్కచోట అది గట్టిగా అంటుకొని, పై సున్నముతో గూడ ఊడివచ్చుట మీరు చూచియుందురు. అట్లే జిగురుపదార్థము గట్టిగా అంటుకొన్నచోట నేత్రపటలమును లాగును. నేత్రపటలమునకు తెలిసిన భాష వెలుతురొక్కటే. దానిని లాగినను మనకు నొప్పి తెలియదు, మెరుపు కనబడును. చీకటి గదిలో కన్ను కదల్చినపుడు ప్రక్కన మెరసినట్లు తోచు మెరుపు ఇదియే. లాగుడు మిక్కుటమైనచో పొర చిరుగును. ఆ చిరుగులో గుండ నీరు పొర వెనుకకు చేరి, దానిని గోడనుండి ఊడదీయును. పొర ఊడినంత మేర చూపు మరుగగును. ఇంత జరుగుచున్నను కన్ను ఎఱ్ఱబడదు, నొప్పి పుట్టదు. మోసమంతయు ఇక్కడనే యున్నది.

సంఖ్యలు కొన్ని చెప్పుదును. నేత్రపటలము ఊడుట సాధారణ జనములో ఏటికి 10,000 మందిలో సుమారు ఒక్కరికి సంభవించును. ఇది ధైర్యము కలిగించు సంఖ్య. కాని అకస్మాత్తుగా క్రొత్త మచ్చలో మెరుపులో కనబడి వైద్యుని యొద్దకు వచ్చినవారిని మాత్రము లెక్కించినచో సంఖ్య మారును. 2009లో ప్రకటింపబడిన ఒక సమీక్ష ప్రకారము, అట్టివారిలో నూటికి సుమారు 14 మందికి నేత్రపటలము చిరిగియుండెను. తక్కిన 86 మందికి చిరుగు లేదు. కాబట్టి బెంబేలుపడవలసిన పనిలేదు. పదునలుగురికి ఉన్నది; కాబట్టి ఇంటిలో కూర్చుండరాదు. మనము ఏ లెక్కలోని వారమో గోడవైపు చూచి తెలిసికొనజాలము.

ఇక నా రెండవ తప్పు.

మా పినతండ్రిగారు గుంటూరు జిల్లాలో ఒక గ్రామమున ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. నాకు అక్షరములు దిద్దించినది ఆయనయే. రెండేండ్లకు ముందు కుడికంటి శుక్లమునకు శస్త్రచికిత్స జరిగి, చూపు చక్కగా వచ్చినది. నా పరీక్ష జరిగిన ఏడాదియే, దసరా వెళ్లిన పిదప, ఒకనాటి సాయంకాలము ఆయన టెలిఫోను చేసి, "ఒరే అబ్బాయీ, నిన్నటినుంచీ కుడికంట్లో మసి చల్లినట్టుగా చుక్కలురా. రాత్రి దీపం ఆర్పాక ఓ పక్కన తళుక్కుమంటోంది. ఏమంటావ్?" అని అడిగిరి.

నేను ఏమియు ఆలోచింపలేదు. "నాకూ వచ్చాయి బాబాయ్. పెద్ద డాక్టరు గారే చూశారు. వయసుతో వస్తాయిట, ఏమీ కాదుట. మీరు పట్టించుకోకండి" అంటిని. ఆయన సంతోషించి, "నువ్వు చెప్పావు గదా, ఇంక నాకు బెంగ లేదు" అని, ప్రక్కనున్న మా పిన్నిగారికి కూడ నా మాటను వినిపించిరి.

వైద్యుడు నా కన్ను చూచి నాకిచ్చిన మాటను నేను మరియొకరి కంటికి బదలాయించితిని. కార్యాలయమున ఒక ఫైలుపై వచ్చిన ఉత్తర్వును వేరొక ఫైలునకు అన్వయింపుమన్నచో మనమెవ్వరమును అంగీకరింపము. రెంటిలోని వాస్తవములు ఒకటేనా యని అడుగుదుము. మా పినతండ్రిగారు చెప్పిన వాస్తవములు వేరు. చుక్కలు ఒకటి రెండు గావు, మసి చల్లినట్లు ఒక్కమారుగా వచ్చినవి. మెరుపులున్నవి. శస్త్రచికిత్స జరిగిన కన్ను. నన్ను వైద్యుడు ఏ లక్షణములు కనబడిన ఆ దినముననే రమ్మనెనో, వానిలో రెండు ఆయన నోట వింటిని. విని, ఊరకుండుమంటిని.

తొమ్మిదవనాడు ఉదయము ఆయన గడ్డము గీసికొనుచు ఎడమకన్ను మూసినపుడు, అద్దములో తన ముఖము సగమే కనబడినది. అంతకుముందే తెర దిగియుండవలెను. కాని రెండు కన్నులు తెరచియున్నపుడు మంచికన్ను చెడ్డకంటి లోపమును కప్పిపుచ్చును. కావున ఆయనకు తెలియలేదు. ఆ దినముననే నగరమునకు తీసికొనిపోయి శస్త్రచికిత్స చేయించిరి. ఊడిన పొర మరల అంటుకొన్నది. కాని అప్పటికే చదువునకు, ముఖములను గుర్తించుటకు ఆధారమైన నేత్రపటలపు నడిమిభాగము కూడ ఊడియుండెను. ఇప్పుడు ఆ కంటితో వాకిలి, కిటికీ, మనిషి ఆకారము తెలియును, అక్షరములు తెలియవు. మొదటి రెండు మూడు దినములలో వచ్చియుండినచో బహుశా చిరుగొక్కటే యుండెడిదనియు, లేసరుతో దానిని కట్టుదిట్టము చేసి ఆ పూటనే ఇంటికి పంపెడివారమనియు అక్కడి వైద్యులు చెప్పిరి.

సంక్రాంతి సెలవులలో నేను ఊరికి పోయితిని. నన్ను ఆయన ఒక్క మాటయు అనలేదు. ఎడమకంటితో వార్తాపత్రిక చదువుకొనుచున్నవారు దానిని ప్రక్కనపెట్టి, "నీ కళ్లెలా ఉన్నాయిరా?" అని అడిగిరి. నేను బదులు చెప్పలేకపోతిని.

సోదరులారా, సోదరీమణులారా, అందుచేతనే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. ఏ మచ్చకు ఎంత తొందరపడవలెనో మన కార్యాలయ పరిభాషలో చెప్పెదను. మన ఫైళ్లలో ఏ చీటీయు లేనివి కొన్ని, 'ప్రయారిటీ' అను చీటీ గలవి కొన్ని, 'ఇమ్మీడియట్' అను చీటీ గలవి కొన్ని. కంటిమచ్చలును అట్లే.

చీటీ లేనివి: ఏండ్ల తరబడి యున్నవై, ఒకటి రెండై, ఒకమారు వైద్యునిచే పరీక్షింపబడినవై, పెరుగకయు మారకయు నున్నవి. వీనికి వైద్యము అక్కరలేదు. కంటి సాధారణ పరీక్షకు పోయినపుడు చెప్పిన చాలును. పాత చుట్టములవలె అవి వచ్చుచు పోవుచు నుండును. కొన్నాళ్లకు మనస్సు వానిని లక్ష్యపెట్టుట మానును.

ప్రయారిటీ చీటీ గలవి: మొట్టమొదటిసారి మీ దృష్టికి వచ్చిన ఒకటి రెండు మచ్చలు. మెరుపులు లేకున్నను, చూపు తగ్గకున్నను, వీనిని ఇంతకుముందు ఎవరును పరీక్షింపలేదు. కొలది దినములలోనే చూపించుకొనవలెను, వారము దాటనీయరాదు. నావలె నెలదినములు గోడను చూచుచు కూర్చుండరాదు.

ఇమ్మీడియట్ చీటీ గలవి: మచ్చలు ఒక్కమారుగా గుంపుగా వచ్చుట, లేక పాత మచ్చలు హఠాత్తుగా పెరుగుట, మసి చల్లినట్లో పొగ క్రమ్మినట్లో తోచుట, క్రొత్తగా మెరుపులు కనబడుట, ప్రక్కనుండి గాని పైనుండి గాని క్రిందినుండి గాని నల్లని తెర అడ్డువచ్చుట, చూపు మందగించుట, కంటికి దెబ్బ తగిలిన పిమ్మట మచ్చలు కనబడుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ దినముననే పోవలెను. ఆదివారమనియు, పండుగయనియు, ఆర్థిక సంవత్సరాంతమనియు ఆగరాదు. హ్రస్వదృష్టి అధికముగా నున్నవారును, శుక్లమునకు శస్త్రచికిత్స జరిగినవారును, ఒక కంటిలో ఇదివరకే నేత్రపటలము ఊడినవారును, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చినవారును మరింత జాగరూకులై యుండవలెను. మచ్చలతోపాటు కన్ను ఎఱ్ఱబడి, నొప్పిపుట్టి, వెలుతురును చూడలేకపోయినచో అది కంటిలోపలి వాపు కావచ్చును; దానికిని ఆలస్యము కూడదు.

మధుమేహము గలవారితో ఒక మాట. దీర్ఘకాలముగా చక్కెర అదుపులో లేనివారికి నేత్రపటలముపై పెళుసైన క్రొత్త రక్తనాళములు పుట్టి, అవి చిట్లి, లోపల రక్తము కారుట కలదు. అప్పుడును మచ్చలే కనబడును. మచ్చలు వచ్చువరకు వేచియుండక ఏటేట ఒకమారు నేత్రపటలమును పరీక్ష చేయించుకొనుట వారికి విధి.

పిల్లలను గూర్చియు చెప్పవలసియున్నది. మన ఇండ్లలో కళ్లద్దములు లేని పిల్లలు తక్కువగుచున్నారు. హ్రస్వదృష్టి గల కన్ను సాధారణమైన కంటికన్న పొడవుగా పెరిగి, నేత్రపటలము సాగి పలుచబడియుండును. పెద్దయైన పిమ్మట లేసరు చికిత్సతో కళ్లద్దములు పోవచ్చును. కాని ఆ చికిత్స కంటి ముందుభాగమునకే. వెనుకనున్న పొర ఎప్పటివలెనే పలుచగా నుండును. కళ్లద్దములు తీసివేసినవారు ఆ విషయమును మరువరాదు.

రెండు కన్నులను వేరువేరుగా చూచుకొనుట నేర్చుకొనుడు. అరచేతితో ఒక కన్ను మూసి, రెండవ కంటితో గోడమీది క్యాలెండరును చూడుడు. పిమ్మట కన్ను మార్చుడు. అందులకు ఒక నిమిషము చాలును. మా పినతండ్రిగారు ఇట్లు చూచుకొనియుండినచో తెర కొన్నాళ్లు ముందుగనే తెలిసియుండెడిది. అయితే దీనిలో తేడా కనబడలేదని వైద్యుని యొద్దకు పోవుట మానరాదు. చిరుగు ఉండియు చూపు బాగుగనే యుండవచ్చును. కళ్లద్దముల దుకాణములో అక్షరముల పట్టికను చివరి పంక్తి వరకు చదివినను చిరుగు లేదని చెప్పుటకు వీలులేదు.

వైద్యుడు ఏమి చేయునో యని కొందరు జంకుదురు. నేను చేయించుకొన్నాను గనుక చెప్పగలను. మందుచుక్కలు కొంచెము మండును. పాప విచ్చుకొనుటకు అరగంట పట్టవచ్చును. తలకు దీపమును తగిలించుకొని, చేత భూతద్దము పట్టుకొని వైద్యుడు కంటి అంచులవరకు చూచును. కొన్నిమారులు రెప్పమీద మెల్లగా నొక్కును. చుక్కల ప్రభావమువలన కొన్ని గంటలు చదువుట కష్టము; వెలుతురు కొట్టినట్లుండును. కావున బండి నడుపుకొనిపోరాదు. తోడు ఒకరిని తీసికొనిపోవలెను. నీటికాసుల జబ్బు, అనగా గ్లాకోమా, ఉన్నవారు ఆ సంగతిని ముందుగ చెప్పవలెను. అర్ధదినపు క్యాజువల్ లీవు కన్న ఎక్కువ ఖర్చుగాదు. చిరుగు లేదని తేలినను వైద్యుడు కొన్ని వారములకు మరల రమ్మన్నచో తప్పక పోవలెను. మొదట లేని చిరుగు పిమ్మట కొందరికి ఏర్పడుట కలదు.

ఈనాడు మనకు ఇంత సులభమైనది మన తాతలకు లభింపలేదు. బ్రదికియున్న మనిషి నేత్రపటలమును చూచుటకు సాధనము జర్మనీ దేశీయుడగు హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కనిపెట్టువరకు ఈ జబ్బు కంటికే కనబడలేదు. కనబడిన పిమ్మటను చిరకాలము చికిత్స తెలియలేదు. పొర ఊడినవారిలో దాదాపు అందరు ఆ కంటిని పోగొట్టుకొనెడివారు. స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున జూల్ గోనిన్ అను వైద్యుడు మూలమంతయు చిరుగులో నున్నదనియు, చిరుగును మూసినచో పొర మరల అంటుకొనుననియు 1920వ దశకమున నిరూపించెను. 1945 నాటి సూర్యగ్రహణమును వట్టికంటితో చూచి కన్ను కాలినవారిని పరీక్షించిన మేయర్ ష్వికెరాట్ అను జర్మను వైద్యుడు, వెలుతురుతో కాల్చియే చిరుగును మూయవచ్చునని ఊహించి, మొదట సూర్యకాంతితోనే ప్రయత్నించెను. నేటి లేసరు చికిత్సకు అది పూర్వరూపము. ఇప్పుడు చిరుగు చుట్టును లేసరుతో సన్నని మచ్చలు వేసినచో, అవి మాని, బట్టకు కుట్టువేసినట్లు పొరను గోడకు బిగించును. పొర ఊడిన పిమ్మటనైనచో శస్త్రచికిత్స వలయును. నడిమిభాగము ఊడకముందు చేసినచో ఫలము మేలు.

మచ్చలను కరిగించు చుక్కలు కలవని, కంటి వ్యాయామములచే పోవునని, తేనె వేసిన మేలని చెప్పువారు కలరు. ఏ చుక్కలును వీనిని కరిగింపవు. తేనె మొదలగువానిని కంటిలో వేయుట హానికరము. మచ్చలు మరీ బాధించినచో తొలగించు శస్త్రచికిత్స లేకపోలేదు. కాని దానివలన శుక్లమును, చిరుగును కూడ రావచ్చును గనుక వైద్యులు తొందరపడి చేయరు.

వైద్యసౌకర్యమునకు మనకు కొదువలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఆరోగ్య పథకము 1954లో ఈ ఢిల్లీలోనే మొదలైనది. మామూలు పరీక్షకు మన వెల్‌నెస్ సెంటరునుండి సిఫారసు తీసికొనిపోవచ్చును. అత్యవసరమైనపుడు సిఫారసు లేకయే పథకములో చేరిన ఆసుపత్రికి పోవచ్చును. సిఫారసు కాగితమునకై ఇమ్మీడియట్ కన్నును ఆపుకొనవలదు. ఇక్కడ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1967లో స్థాపింపబడిన రాజేంద్రప్రసాద్ నేత్రవైద్య కేంద్రము కలదు. మన ప్రాంతమున హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రియు, 1987లో స్థాపింపబడిన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థయు కలవు. ఈ సంస్థవారు గ్రామములలో సైతము కంటి పరీక్షా కేంద్రములను నడుపుచున్నారు.

చివరగా ఒక మనవి. మనమందరము ఊరికి దూరముగా నుండి, పెద్దల యోగక్షేమములను టెలిఫోనులో విచారించువారము. ఢిల్లీలో పెద్ద ఉద్యోగమున నున్నాడు, అన్నియు తెలిసినవాడని వారు మన మాటను నమ్ముదురు. ఆ నమ్మకము గొప్పది, అందుచేతనే ప్రమాదకరమైనది. వారు కన్ను, గుండె, నరము అని చెప్పినపుడు మనము ధైర్యము చెప్పుటకు తొందరపడుదుము. ప్రేమవలననే తొందరపడుదుము. కాని ఆ క్షణమున వారికి వలసినది మన ధైర్యము గాదు. బస్సు ఎక్కించు మనిషి. "ఏమీ కాదు" అనుటకు బదులు "ఎప్పటినుంచి? ఎన్ని? మెరుపులున్నాయా? ఏ కన్ను?" అని నాలుగు ప్రశ్నలడిగి, "ఇప్పుడే బయలుదేరండి, తమ్ముణ్ణి తోడు పంపుతాను" అనుడు. పరీక్షలో ఏమియు లేదని తేలినచో నష్టమేమి? బస్సు ఖర్చును, ఒక పూటయును మాత్రమే.

నా కంటిముందటి కామా ఇప్పటికిని ఉన్నది. ఈ ప్రసంగమును వ్రాయునపుడును తెల్లకాగితముపై అటునిటు తిరిగినది. అది నన్నిప్పుడు భయపెట్టదు. తెల్లవారి లేచినతోడనే ఒక కన్ను మూసి క్యాలెండరును చూచెదను, పిమ్మట రెండవది. ఆదివారము ఉదయము ఊరికి టెలిఫోను చేసి, మా పినతండ్రిగారిని ఎడమకంటితో అట్లే చూడుమందును. "కనపడుతోందిరా, తిథి కూడా కనపడుతోంది" అని ఆయన అనువరకు నేను టెలిఫోను పెట్టను.